వెల్డన్‌బీ సంత బోణీ

మంచు మోకాళ్ల లోతున పడింది. సంత చౌకులో రాతిస్తంభం కింద వెన్న గంప పెట్టుకుని డోర్కస్ ఒక్కతే నిలబడింది. ఆమె కాళ్ల కింద బండ గుంటపడి ఉంది. వాళ్లమ్మ, అమ్మమ్మ నిలబడి నిలబడి అరగదీసిన గుంట అది. దొరల పేర్లు గోడలకెక్కుతాయి. వెన్న అమ్మినవాళ్ల చరిత్ర ఆ గుంటే.

ప్రతి బుధవారం మధ్యాహ్నంలోగా స్తంభం కింద బోణీ కావాలి, వెంటనే గంట మోగాలి. ఎప్పటి రాజో ఇచ్చిన శాసనం అది. ఒక్క వారం తప్పితే చౌకు ఎస్టేటు దొరదైపోతుంది. కార్లు నిలుపుకోవడానికి దొరకు ఆ చోటు కావాలి. ఆయన ఏజెంటు క్రాడక్ పొద్దుటినుంచీ గడియారం చేతపట్టుకుని కాచుకున్నాడు. పల్లెల జనాన్ని మంచు ఆపేసింది. చౌకు చుట్టూ ఇళ్లన్నీ దొరవి. అద్దెకున్నవాళ్లను భయం ఆపేసింది.

గంట కొట్టే ఏమస్ తలుపులన్నీ తట్టి వచ్చాడు.

"ఎవరూ రారు డోర్కస్. రొట్టెల లూథర్‌కి ఇవాళే నడుంనొప్పట."

"వాడికి నడుమెక్కడిది, నొప్పెట్టడానికి? పోనీ నువ్వు కొనవయ్యా!"

"గంట కొలువులో ఉన్నవాడు సంతలో కొనకూడదు, అమ్మకూడదు. ఒట్టేశాను కదా. లేకపోతే ఇన్నేళ్లూ నీ వెన్న మొహం చూస్తూ నోరు కట్టుకునేవాణ్ణా?"

"వెన్న మొహమేనా చూసింది?"

ఏమస్ చెవులు ఎర్రబడ్డాయి. చలికన్నట్టు రుద్దుకున్నాడు.

"గంప సర్దుకో అమ్మా, చలికి చస్తావు," అన్నాడు క్రాడక్.

"చస్తే ఈ బండ మీదే చస్తా. నన్ను తొక్కి కారు పెట్టుకోమను మీ దొరని!"

నోరు గట్టిదే గానీ డోర్కస్ కళ్లు క్రాడక్ గడియారం మీదే ఉన్నాయి. అమ్మ నిలబడ్డ చోటు తన చేతుల్లోనే పోతోందని గంప అంచు గట్టిగా పట్టుకుంది.

ఏమస్ ఆమె వంక చూశాడు. గంట కొలువుకిచ్చిన ఎర్రకోటు గుండీలు విప్పాడు. తనకు ముందు వాళ్ల నాన్న తొడుక్కున్న కోటు అది. మడిచి బండ మీద పెట్టి, దానిపైన గంట పెట్టాడు. ఉత్త చొక్కాతో మంచులో నిలబడి నాణెంతో చెయ్యి చాపాడు.

"కొలువు వదిలేశాను. ఇప్పుడు నేను ఉత్త ఏమస్‌ని. ఒక ముద్ద వెన్న ఇవ్వమ్మాయ్."

డోర్కస్ చేతులు ఆగలేదు. నాణెం పుచ్చుకుని, తడిగుడ్డ తీసి పెద్ద ముద్ద అతని అరచేతిలో పెట్టింది. బోణీ అయింది.

"అయితే ఏం? గంట కొట్టేవాడేడీ?" క్రాడక్ ఇకిలించాడు.

డోర్కస్ గంట అందుకుంది.

"ఆడదానివి, నువ్వు కొట్టకూడదు!"

"గంట మోగాలంది శాసనం. మీసం ఉండాలనలేదు!"

కొట్టింది. చౌకంతా మారుమోగేలా, చెయ్యి నొప్పెట్టేదాకా కొట్టింది. ఆ తర్వాతే చర్చి గడియారం మధ్యాహ్నం గంటలు కొట్టింది. తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. లూథర్ నడుంనొప్పి మరిచిపోయి రొట్టెతో పరిగెత్తుకొచ్చాడు. క్రాడక్ గడియారం జేబులో వేసుకుని వెళ్లిపోయాడు.

డోర్కస్ తన శాలువా తీసి ఏమస్ భుజాల చుట్టూ బిగించింది.

"పిచ్చోడా, ఇక ఏం చేసుకుని బతుకుతావు?"

ఏమస్ వేలితో వెన్న నాకి కళ్లు మూసుకున్నాడు.

"నీ గంప చాలా బరువుగా ఉంది డోర్కస్. ఇంటిదాకా నన్ను మొయ్యనివ్వు."

ఆమె గుంటబండ మీద కాస్త పక్కకు జరిగింది. ఇంకొకరికి చోటు చాలింది.