ముఖీత్ పట్టిన బ్రేకు

గోదావరిఖని దాటినంక, ఎప్పుడో మూతబడ్డ ఒక బొగ్గుబాయి మీద పాత ఆవిరి ఇంజన్ ఉంది. ఒకప్పుడు కార్మికులను కేజు అనే ఇనుప పెట్టెల నిలబెట్టి బాయిలకు దించింది అదే. దాన్ని కోసి తుక్కు చేసే పనిని జూహీ అడిగి మరీ తీసుకుంది. ఆ కేజు జారిపడే ఆమె తాత సర్వర్ సచ్చిపోయిండు. ఇంజన్ డ్రైవర్ ముఖీత్ తాగి నడిపిండని ఇంట్ల అందరూ తిట్టేటోళ్లు. అదే రోజు ముఖీత్ కూడా ఆవిరికి కాలి సచ్చిండు. అయినా జూహీ పగ చల్లారలే.

గ్యాస్ కట్టర్ అంటించింది. మంట ఆరిపోయింది. మళ్ల అంటించింది. మళ్ల ఆరింది. బాయిలర్ పక్కన నీడ లేని పడుచోడొకడు నిలబడ్డడు.

"నా ఇంజన్ ముట్టకు."

"నువ్వేనా ముఖీత్? మా తాతను మింగినోనివి! సచ్చినా సిగ్గు రాలేదా?"

రోజూ అదే కొట్లాట. ఆమె కోసుడు, అతడు ఆర్పుడు. ఒకనాడు మంట ఆరేలోపే బ్రేకు కడ్డీ తెగింది. లోపలి పిన్ను చూసి జూహీ ఆగిపోయింది. విరిగిన పిన్నునే అతికించి, పైన రంగు పూసిన్రు.

ముఖీత్ తోలూడిన అరచేతులు చూపిండు. "ఆ పిన్ను ఇరిగి బ్రేకు పట్టలే. ఆవిరి పైపు పగిలినా లీవర్ ఇడువలే. పిన్ను మార్చమని కాంట్రాక్టర్ వీరేందర్‌కు ముందే చెప్పిన. మార్చిన అన్నడు."

వీరేందర్ అంటే ఇప్పుడు ఈ తుక్కు కొన్న ముసలి సేటే.

జూహీ ఆ చేతుల మీద తన చేతులు పెట్టింది. ఇంకా వేడిగనే ఉన్నయి.

వీరేందర్‌తోని నిజం కక్కించాలంటే ఇంజన్ మళ్ల నడవాలె. ఇద్దరు కలిసి బాయిలర్ తోమిన్రు, కొత్త పిన్ను, కేజుకు కొత్త తాడు ఏసిన్రు. తిట్లు తగ్గి నవ్వులు మొదలైనయి. ఒక మధ్యాహ్నం ఆమె టిఫిన్ విప్పి, "తినలేవు గద, వాసనన్న చూడు" అంది. అతడు కండ్లు మూసుకుని పీల్చిండు. ఆ మొఖం మీదికెళ్లి ఆమె చూపు తిప్పుకోలేకపోయింది.

"కేజుల ఇత్తడి ఉంది సేట్, ఎక్కి చూడున్రి" అని జూహీ పిలిస్తే వీరేందర్ ఆశగ ఎక్కిండు. ముఖీత్ లీవర్ గుంజిండు. కేజు దిగి నడిమిట్ల ఆగింది. ఇంజన్ కూత విని బస్తీ అంత ఉరికొచ్చింది.

"పైకి తియ్యి బిడ్డా!"

"ఆ పిన్ను ఎవడు పెట్టిండో చెప్పు. అందరికి వినబడాలె."

ముసలోడు బుకాయించిండు. కేజు ఇంకింత దిగింది. అప్పుడు మొత్తం కక్కిండు: పిన్ను మార్చిన అన్నది అబద్ధం, ముఖీత్ తాగిండన్నది అబద్ధం.

అయినా జూహీ బ్రేకు మీద చెయ్యేసి ఇడువబోయింది. "మా తాత పడ్డ కాడికే పంపుత."

ముఖీత్ ఆమె చెయ్యి పట్టుకుండు. "వద్దు. మనిషిని పడనియ్యొద్దనే నేను కాలిపోయిన."

ఆమె పండ్లు కొరికింది. పోలీసులొచ్చేదాక వాన్ని ఆ చీకట్ల అట్లనే ఏలాడదీసింది. మాఫీ మాత్రం చెయ్యలే.

అందరు పోయినంక అడిగింది. "నీ మీది మచ్చ పోయింది. ఇగ పోతవా?"

"పొమ్మంటవా?"

జూహీ బాయిలర్ల ఇంకో పార బొగ్గు ఏసింది.