తోడు లేకుండా పంపడు

ఎడమచేతి వేలు ముంచి పాల వేడి చూసి, పావు చెంచా పెరుగు వేసి కలిపాను. కుడిచేత్తో చెంచా పట్టుకుంటే మణికట్టు దగ్గర మొదలైన నొప్పి మోచేతి దాకా పాకుతోంది. తోడు తక్కువ వెయ్యమని మా అత్తగారు తెనాలి నుంచి ఫోన్ చేసినప్పుడల్లా గుర్తుచేస్తారు. ఎక్కువైతే పులుస్తుంది, మావాడికి పులుపు పడదు అంటారు. పెరుగు పులిసినందుకు నేను పడ్డ మాటలు అన్నీ ఇన్నీ కావు. శనివారం కాబట్టి ఆయనకు ఆఫీసు లేదు. నగర్తపేటలో ఉన్న మా అమ్మానాన్నలను చూసి సాయంత్రానికి తిరిగొచ్చేస్తాం. అప్పటికి ఈ గిన్నె గట్టిగా తోడుకుని ఉండాలి.

"అయిందా?" అని హాల్లోంచి అడిగారు. మామూలు గొంతే. అయినా గిన్నె మీద పెట్టబోతున్న మూత చేతిలోంచి జారి గచ్చు మీద మోగింది. అది చప్పుడాపేదాకా ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. ఏమీ అనలేదు. ఏమీ అననప్పుడే నాకు ఎక్కువ భయం.

అమ్మకు ఈసారి ఎలాగైనా చెప్పాలనుకున్నాను. కానీ ఎలా చెప్పడం? ఈ ఊళ్లోనే పుట్టి పెరిగినదాన్ని, బ్రూక్‌ఫీల్డ్ నుంచి ఒక్క బస్సు మారితే పుట్టిల్లు. అయినా పెళ్లయ్యాక ఒక్కసారి కూడా ఒంటరిగా వెళ్లలేదు. "ఒక్కదానివే ఎందుకు, నేను తోడొస్తాగా" అంటారు మా ఆయన మహేశ్. పక్క ఫ్లాట్ ఫాతిమాకు అది వింటే ముచ్చట. వాళ్లాయన ఆమెను ఆటో ఎక్కించి చెయ్యూపేసి లోపలికెళ్లిపోతాడట. నన్నింకా పాపా అనే మా అమ్మకైతే గర్వం. "మా అల్లుడు పాపను తోడు లేకుండా పంపడు" అని వీధి వీధంతా చెప్పుకుంది. నిజమే, పంపరు. అమ్మ వంటింట్లోకి పిలిస్తే మంచినీళ్ల కోసం వెనకాలే వస్తారు. నేను డాబా మీదికెళ్తే సిగరెట్ కోసం వస్తారు. ఎం.జి. రోడ్డులో నేను రిసెప్షన్‌లో పనిచేసిన రోజుల్లో మధ్యాహ్నాలు వచ్చి ఎదురుగా సోఫాలో కూర్చునేవారు. ఆయన ఏ కంపెనీ తరఫున వచ్చారని మా మేనేజరు అడిగితే, అందరి ముందూ మా ఆయనే సార్ అని చెప్పుకోవాల్సి వచ్చింది. ఆ నవ్వులు పడలేక ఉద్యోగం మానేశాను. అప్పుడు సెల్‌ఫోన్ కొనిపెట్టారు. అది మోగితే అవతల ఒకటే ప్రశ్న, "ఎక్కడున్నావు?" నా వైపు నుంచి ఒకటే జవాబు, "ఇంట్లోనే ఉన్నానండీ."

ఆ ఉన్నానండీ నేర్చుకోవడానికి నాకు చాలాకాలం పట్టింది. మా ఇంట్లో ఉండాను అంటాం, ఉండాది అంటాం. పెళ్లయిన కొత్తలో అన్నం ఉండాది అన్నానని ఆయన స్నేహితులను పిలిచి మరీ నాచేత ఆ మాట మళ్లీ అనిపించారు. అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. నేనూ నవ్వాను, కొత్త కదా. ఆ తర్వాత తప్పు దొర్లినప్పుడల్లా సరిచేసి, సరైన మాట నాచేత చెప్పించి గానీ వదిలేవారు కాదు. ఇప్పుడు నా నోట్లోంచి వచ్చేదంతా తెనాలి తెలుగే. కలలో ఎలా మాట్లాడతానో నాకు తెలియదు. ఆయన మాత్రం ఇన్నేళ్లుగా ఈ ఊళ్లో ఉండి కన్నడం ఒక్క ముక్క నేర్చుకోలేదు. మనకేం ఖర్మ అంటారు.

మంగళవారం నేను స్నానం చేస్తుంటే ఫోన్ మోగింది. వచ్చి తీసేసరికి ఆగిపోయింది. ఆయన సాయంత్రం ఇంటికొచ్చి, బూట్లు విప్పి, సాక్సులు మడిచి వాటిలో పెట్టి, అప్పుడు వచ్చి నా చెయ్యి పట్టుకున్నారు. ఎక్కడికెళ్లావు అని అడుగుతూ మెలితిప్పారు. చెంపదెబ్బలు నాకు కొత్త కావు. కానీ అంత నెమ్మదిగా, అంత తీరిగ్గా బాధపెట్టడం అదే మొదలు. మొదట్లో కొట్టాక ఏడ్చేవారు. ఈసారి ఏడవలేదు. టీవీలో వార్తలు పెట్టుకున్నారు. ఈ మనిషి చేతుల్లో నేను చచ్చిపోతానేమోనని ఆ వార్తలు వినబడుతుండగా మొదటిసారి అనిపించింది. అప్పటినుంచి ఆ భయం నన్ను వదల్లేదు.

కారు మారతహళ్ళి వంతెన దగ్గర ఆగినప్పుడు, "చేతికేమైందని అడిగితే ఏం చెప్తావు?" అన్నారు.

"తలుపులో పడ్డాది..."

"పడ్డాది ఏంటి?"

"తలుపులో పడిందండీ."

"ఇంకోసారి."

"తలుపులో పడిందండీ."

నా కంగారు చూసి నవ్వి, తలమీద చెయ్యి వేసి నిమిరారు. పక్కన స్కూటర్ మీదున్న ఆవిడ మమ్మల్ని చూసి ముచ్చటపడినట్టు తల తిప్పుకుంది. ముందుకు కదలగానే ఒక ఆటో మమ్మల్ని రాసుకుంటూ వచ్చింది. ఆయన అద్దం దించి తెలుగులోనే తిట్టారు. ఆటో అతను వేలు చూపిస్తూ, "హొడీతీని నోడు" అని అరిచాడు. కొడతా చూడు అంటున్నాడు. ఏమంటున్నాడని ఈయన నన్నడిగారు. ఉన్నదున్నట్టు చెబితే దిగి గొడవకు పోతారు, ఆ కోపం అంతా రాత్రికి నా మీదికే వస్తుంది. "పక్కకు జరగమంటున్నాడండీ" అన్నాను. ఎవడికిరా జరిగేది అని గొణుక్కుంటూ ముందుకు పోనిచ్చారు.

మావాళ్లు ఉండేది ఒక బల్బుల దుకాణం మీద రెండు గదుల్లో. చీరల షాపులకు అట్టపెట్టెలు చేసివ్వడం మా నాన్న వెంకటగిరియప్ప పని. ఇప్పుడాయనకు చేతులు వణుకుతాయి. కత్తిరించడం మానేసి, పెట్టెలను కట్టలు కట్టడం ఒక్కటే చేస్తాడు. అట్టలు మడిచి జిగురు అంటించేది మొదటినుంచీ మా అమ్మ సొన్నమ్మే. పేరు మాత్రం నాన్నదే. గదిలో నడిచే దారి తప్ప అంతా పెట్టెలే, జిగురు వాసనే. ఆ వాసన తగలగానే నాకు ఏడుపొచ్చేసింది. తుమ్మినట్టు చేసి కొంగుతో ముఖం తుడుచుకున్నాను.

"రాప్పా, కూచో" అంది అమ్మ అల్లుడితో. మీ అమ్మ నన్ను రా, పో అంటుంది అని ఇంటికెళ్లాక ఆయన అనబోయే మాట నాకప్పుడే వినిపించింది. ఆయన నవ్వుతూ నమస్కారం పెట్టి, ఉన్న ఒక్క కుర్చీని నాకూ అమ్మకూ మధ్యకు లాక్కుని కూర్చున్నారు. ఇంటి ఓనరు భుజంగరావు గారు కరెంటు బిల్లు ఇవ్వడానికి వచ్చి అక్కడే నిలబడి ఉన్నారు. "ఇట్లాంటి అల్లుడు దొరకాలి" అని మెచ్చుకున్నారు.

కాఫీ ఇస్తూ అమ్మ నా చెయ్యి చూసింది. "చేతికేమాయె పాపా?"

"తలుపులో పడిందండీ."

అమ్మ చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది. ఏమన్నానో నాకూ అప్పుడే తెలిసింది. మా అమ్మను నేను పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ అండీ అనలేదు. ఆయన చెప్పించిన మాట చెప్పించినట్టే బయటికొచ్చేసింది. ఆయన ముఖం వైపు చూసే ధైర్యం లేక నేల చూపులు చూస్తూ నిలబడ్డాను. అమ్మ వెళ్లి తన చాప మీద కూర్చుని ఒక అట్ట తీసుకుంది. నాలుగు అంచులూ మడిచి, గోటితో గీత నొక్కుతూ, కూర బాగుందా అని అడిగినంత మామూలుగా, కన్నడంలో అంది.

"ఇదు నిన్న మాతల్ల కణే."

ఇది నీ మాట కాదే అంటోంది. అమ్మ తల ఎత్తకుండా ఇంకో అంచు మడిచింది.

"హొడీతానా?"

కొడతాడా? ఆ మాట ఆయన దారిలో ఆటో అతని నోట విన్నారు. కాఫీ తాగుతున్నవారు గ్లాసు దించి అమ్మ వైపు, తర్వాత నా వైపు చూశారు. తెలిసిపోయింది అనుకున్నాను. ఇక ఇంటికెళ్లాక ఏం జరుగుతుందో కళ్లకు కట్టింది, బూట్లు విప్పడం దగ్గర్నుంచీ.

"జరగమంటున్నారా అత్తయ్యగారూ?" అన్నారాయన. అని, తనకూ కన్నడం వచ్చేసిందన్నట్టు నవ్వుతూ లేచి, కుర్చీని గోడవారకు జరుపుకున్నారు.

ఇద్దరి మధ్యా అడ్డం పోయింది. అమ్మ ముఖం నాకు పూర్తిగా కనబడింది. నేను తలాడించాను. ఆడించానో, వణికానో, అమ్మకు మాత్రం తెలిసింది. ఆమె కళ్లు ఒక్కసారి మూసుకుని తెరుచుకున్నాయి.

"అవునప్పా. పెట్టెలకు చోటు చాలకుండా ఉండాది" అంది.

మూల కూర్చున్న నాన్న, కట్టిన కట్ట పక్కన పెట్టి, ఇంకో కట్ట కట్టడం మొదలుపెట్టాడు. అది అయ్యాక మరొకటి. నాన్నకూ కన్నడం వచ్చునన్న సంగతి నాకు అప్పుడు గుర్తొచ్చింది.

"ఇవి చిక్కపేటలో చీరల షాపుకు ఇప్పుడే ఇయ్యాలప్పా" అన్నాడు నాన్న అల్లుడితో. "నాకు మెట్లు దిగను కాదు. నువ్వు కొంచెం ఇచ్చేసి రా." భుజంగరావు గారూ విన్నట్టున్నారు, షాపు తాను చూపిస్తానని ముందుకొచ్చారు. మంచి అల్లుడు కాదనలేకపోయాడు. లేచి నా వైపు చూసి, "హరిణీ, నువ్వు కూడా రా, రెండు కట్టలు పట్టుకుందువు" అన్నారు.

"ఆ చేత్తో ఏం మోస్తాదప్పా?" అంది అమ్మ. "తలుపులో పడ్డాది కదా."

ఆయన కట్టలు ఎత్తుకుని, నా పక్కనుంచి వెళ్తూ వేలితో నా మణికట్టును మెల్లగా తాకారు. ఎవరికీ కనబడలేదు. మెట్ల మీద అడుగుల చప్పుడు ఆగిపోయేదాకా మేం ముగ్గురం కదల్లేదు.

అమ్మ దగ్గరికొచ్చి నా కాళ్ల దగ్గర కూలబడుతుంటే పట్టుకున్నాను. సర్దుకోవాలమ్మా, మగవాళ్లకు కోపాలుంటాయి అంటుందని ఇన్నాళ్లూ భయపడ్డాను. అప్పగింతలనాడు చెప్పింది అదే కదా. "పో అని ఒకసారి చెప్పినా" అంది అమ్మ. "ఇంక ఏమీ చెప్పను. పోతావో, ఉంటావో, నువ్వే చెప్పు. ఏది చెప్పినా సరే." నాన్న లేచి వెళ్లి తలుపు గడియ పట్టుకున్నాడు. వేళ్లు ఆడక అది సగంలో చిక్కుకుంది. వేసేస్తే ఏమవుతుంది? ఆయన వస్తారు. అరుస్తారు. వీధంతా చూస్తుంది. రేపూ వస్తారు, ఎల్లుండీ వస్తారు. మా అత్తగారు ఫోన్ చేస్తారు. ఇదంతా తెలుసు. అక్కడ గిన్నెలో పెరుగు తోడుకుని ఉంటుంది. తీసేవాళ్లు లేక పులిసిపోతుంది. పులవనీ.

వెళ్లి ఎడమచేత్తో నాన్న చేతి మీద చెయ్యి వేసి తోశాను. గడియ పడింది.

ఫోన్ మోగింది. ఎత్తడానికి చెయ్యి రాలేదు. అమ్మ తీసి నా చెవికి పెట్టింది.

"కారు దగ్గరికొచ్చేయ్, ఇటునుంచి ఇటే వెళ్దాం. ఎక్కడున్నావు?"

పళ్లు టకటకమంటుంటే బిగించుకుని చెప్పాను.

"ఈడనే ఉండాను."