అట్టముక్క అవతలి ధర

ఆదివారం పదింటి డెమో క్లాసుకి ముప్ఫై ఎనిమిది మంది వచ్చారు. మూడో వరుసలో కిటికీ పక్కన బావ కూర్చుని ఉండటం చూసి టీచరమ్మకి ఒళ్లు మండిపోయింది.

అక్క మొగుడు. పంతొమ్మిదేళ్లుగా ఫ్యాక్టరీలో లేత్ మెషీన్ మీద ఇనప షాఫ్టులు కోస్తున్నాడు. రాజీనామా కాగితం రాసి చొక్కా జేబులో పెట్టుకు తిరుగుతున్నాడని, సోమవారం ఫోర్‌మన్ చేతిలో పెట్టేసి ఇక షేర్లు కొని అమ్ముకుంటూ బతుకుతానంటున్నాడని ముందురోజే అక్క ఫోన్‌లో ఏడ్చింది. ఎక్కడ నేర్చుకోబోతున్నాడో అక్కకీ తెలియదు.

షేర్ల వ్యాపారం నేర్పే ఈ సంస్థలో టీచరమ్మ నాలుగేళ్లుగా పాఠాలు చెబుతోంది. ఆవిడ పద్ధతి ఒక్కటే. ఒక షేరు ధరల చార్టు బోర్డుకి అంటించి, కుడి సగాన్ని అట్టముక్కతో మూసేస్తుంది. ఎడమ సగం చూసి, అట్ట వెనక ధర ఎటు పోయిందో చెప్పమంటుంది. పదిసార్లు చెప్పి ఆరుసార్లు కలిస్తే గొప్ప. మిగతా నాలుగుసార్లు ఏం చెయ్యాలన్నదే ఆవిడ పాఠం. పిల్లలు చాటున అట్ట టీచరు అనేవాళ్లు. డైరెక్టరు మొహం మీదే అనేవాడు.

ఆ పొద్దున డైరెక్టరు ఆవిడ బల్ల మీద పన్నెండు చార్టులు పెట్టాడు. అన్నిటి మీదా ధర ఎక్కడ మలుపు తిరుగుతుందో చూపే గీతలు గీసేసి ఉన్నాయి. గీత దగ్గరికి వచ్చినప్పుడల్లా ధర చెప్పినట్టే తిరిగింది. ఎక్కడివని అడిగితే, మూడు వందల చార్టులు తిరగేసి ఇవి ఏరానని దాపరికం లేకుండా చెప్పాడు. ఇవాళ అట్టలూ గిట్టలూ వద్దన్నాడు. ఇల్లు అమ్మేవాడు కారే కప్పు చూపిస్తాడా అని నవ్వాడు కూడా.

క్లాసు మొదలవుతూనే, అసలు టెక్నికల్ అనాలిసిస్ అంటే ఏమిటని ముందు వరుసలో ఒకాయన అడిగాడు. డైరెక్టరు వెనక గోడకి ఆనుకుని ఉన్నాడు.

"కంపెనీ మంచిదా, లాభాల్లో ఉందా అన్నది ఇందులో చూడం," అంది టీచరమ్మ. "నిన్నటిదాకా ధర ఎలా నడిచింది, ఎన్ని షేర్లు చేతులు మారాయి, అదే చూస్తాం. జనం ఒకే రకం భయానికి ఒకే రకంగా పరిగెడతారు. కాబట్టి పాత అడుగుల్ని పట్టుకుని రేపు ఎటు పోవచ్చో అంచనా కడతాం. పోవచ్చు అన్నాను. పోతుంది అనలేదు."

డైరెక్టరు గొంతు సవరించుకుంటూ ముందుకొచ్చాడు. మేడమ్ మొహమాటస్తురాలన్నాడు. ధర తన దారి తనే ముందుగా చెప్పేస్తుందని, చదవడం వస్తే చాలని అన్నాడు. బావ తలూపాడు.

అది చూసి ఆవిడ ఆగలేకపోయింది. తన సంచిలోంచి చేతికందిన చార్టు తీసి బోర్డుకి అంటించి, సగం మూసేసింది.

"మీరే చదవండి సార్."

డైరెక్టరు రెండు నిమిషాలు చూశాడు. పెరుగుతుందన్నాడు. ఆవిడ అట్ట తీసింది. పెరిగింది.

హాలంతా చప్పట్లు. అందరికంటే గట్టిగా కొట్టింది బావ. అట్ట పరువు పోయిందని వెనక ఎవరో అన్నారు. ఇంకొకటి చదవమని ఆవిడ అడిగింది. డైరెక్టరు గడియారం చూసుకుని, కింద ఫీజు కట్టే కౌంటర్ తెరిచారని ప్రకటించాడు.

"పెరగకపోయుంటే ఏ ధర దగ్గర అమ్మేసి బయటపడేవారు?" అంది ఆవిడ.

"పెరిగింది కదమ్మా. పాసైనవాణ్ణి పట్టుకుని, తప్పుంటే ఏం చేసేవాడివి అంటే ఎలా?"

మళ్లీ నవ్వులు. టీచరమ్మ అట్టముక్కని బల్ల మీద పడేసింది. మూడో వరుస వైపు తిరిగింది.

"బావా."

తలలన్నీ అటు తిరిగాయి. బావ తల దించుకున్నాడు.

"మీకొచ్చే షాఫ్టు డ్రాయింగులో కొలత ఒక్కటే ఉంటుందా?"

"పక్కనే ఎంత తేడా రావచ్చో కూడా ఉంటుంది," అని గొణిగాడు.

"లేకపోతే?"

"మెషీన్ ముట్టుకోను. డ్రాయింగు తిప్పి పంపేస్తా."

ఆ మాట అన్నాక చొక్కా జేబులో కాగితం మీద చెయ్యి వేసుకున్నాడు. తర్వాత డైరెక్టరు వైపు తిరిగాడు. "ఆవిడ అడిగినదానికి చెప్పండి సార్. తప్పయితే ఎక్కడ ఆపాలి?"

"మన దగ్గర నేర్చుకున్నాక తప్పే రాదండీ."

బావ లేచి బయటికి నడిచాడు. ఆవిడ వెనకే వెళ్లింది. రేపట్నుంచి రావక్కర్లేదని డైరెక్టరు అనడం వినిపించినా ఆగలేదు. మెట్ల మీద బావ ఆగి, ఆవిడ మీద విరుచుకుపడ్డాడు.

"నలుగురిలో పరువు తీశావు. ఇంటికొచ్చి చెప్పలేకపోయావా?"

"చెబితే వినేవారా?"

"వినేవాణ్ణి కాదు." ఇంకో రెండు మెట్లు దిగాడు. "రేపు ఆరింటికి షిఫ్టుకి పోతున్నా. నేనిక్కడికొచ్చానని మీ అక్కతో అన్నావో, నీతో మాటల్లేవు."

వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు. ఆవిడ కోపం మాత్రం దిగలేదు. కౌంటర్ ముందు అప్పటికే తొమ్మిది మంది వరుస కట్టారు. చేతుల్లో ఫారాలున్నాయి. ఆవిడ నేరుగా మొదటి మనిషి దగ్గరికి వెళ్లింది.

"ఏం పని చేస్తారు మీరు?" అని అడిగింది.