నూట పదహారో చిరునామా

శరణ్య ఇంటర్వ్యూ ఆదివారం పదకొండింటికి. గుంటూరులోని ఒక డిగ్రీ కాలేజీ వాళ్లు వీడియోలో మాట్లాడతామన్నారు. పదీ పదికి ఆమె లాప్‌టాప్‌లో నెట్ మళ్లీ పోయింది.

“ఏమండీ, మీ డబ్బా మళ్లీ అలిగింది,” అంది గదిలోంచి.

డబ్బా అంటే శశిభూషణ్ సర్వర్. మార్టూరులో, గ్రానైట్ పాలిషింగ్ యూనిట్ల వెనక వీధిలో, ఆ ఒక్క ఇంటికి సొంత డొమైన్, అంటే తన పరికరాలకు తనే పేర్లు పెట్టుకునే ఏర్పాటు, ఉంది. ఫోనైనా, టీవీ అయినా, ప్రింటరైనా, ఆన్ చేయగానే ముందు సర్వర్‌ను చిరునామా అడుగుతుంది. సర్వర్ ఖాళీగా ఉన్న ఒక అంకెను ఎనిమిది రోజులకు ఇచ్చి, జాబితాలో పేరు రాసుకుంటుంది. తర్వాత ఎవరికి ఎవరితో పనిపడినా పేరు చెబితే చాలు, అంకె అది చెబుతుంది. బయటి ప్రపంచంలోని పేర్లకూ దాన్నే అడగాలి. ఇదంతా మామూలు రూటర్ కూడా చేస్తుంది. ఆ మాట పెళ్లయిన కొత్తలో శరణ్య ఒకసారి అంది. శశిభూషణ్ రెండు రోజులు మాట్లాడలేదు.

అతడికి నలుగురిలో కూర్చోవడం చేతకాదు. విందులకు వెళితే ఏ బంతిలో కూర్చోవాలో తెలియక గోడ పక్కన నిలబడేవాడు. ఎవరి చోటు ఎక్కడో రాసి ఉన్న జాబితా ఎక్కడో ఒకచోట ఉండే ఉంటుందని చాలా ఏళ్లు నమ్మాడు. దొరక్కపోవడంతో తయారుచేసుకున్నాడు.

గురువారం నుంచి నెట్ కాసేపు వస్తోంది, కాసేపు పోతోంది. మేడ మీద ఆరబోసిన మిరపకాయలకు కోతుల బెడద ఉందని గురువారమే నజీర్‌ను పిలిపించి మూడు కెమెరాలు, వాటికో రికార్డర్ పెట్టించారు. కోతులు కాయలు తినవు. వీధిలోకి తోసేసి చూస్తూ కూర్చుంటాయి.

“కెమెరాలు పెట్టిన దగ్గర్నుంచే ఇది,” అని శరణ్య రోజూ అంటోంది.

“ముందు జరిగిందల్లా కారణం అయిపోదు,” అని అతడు రోజూ వివరిస్తున్నాడు. తప్పు ఆమె లాప్‌టాప్‌దేనని తేల్చి, రెండుసార్లు మొత్తం చెరిపి మళ్లీ ఎక్కించాడు. రెండోసారి ఆమె పాఠాల స్లైడ్లు కొన్ని పోయాయి. ఆమె ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడాన్ని అతడు ఒప్పుకోలుగా తీసుకున్నాడు.

ఇప్పుడామె గుమ్మంలోకి వచ్చింది.

“పదకొండు లోపు రాకపోతే దాన్ని తీసేసి రూటర్ పెట్టేయండి. మళ్లీ ఈ ఇంట్లో దాన్ని చూడకూడదు.”

“ఫోన్ నెట్ ఉందిగా.”

“ఇంట్లో ఒక్క గీత. మేడ మీదకెళ్తే నాలుగు. మిరపకాయల మధ్య కూర్చుని దగ్గుతూ నా బోధనా పద్ధతి చెప్పమంటారా?”

పదిన్నరకు అతడు జాబితా మళ్లీ చూశాడు. పంతొమ్మిది పేర్లు, పంతొమ్మిది అంకెలు. ఎవరూ ఎవరి చోటూ ఆక్రమించలేదు. ఇక చూడటానికి మిగిలింది సర్వర్ ఒక్కటే. దాని వైరు పీకి, దాని అంకెను తన లాప్‌టాప్ నుంచి పిలిచాడు. జవాబు రాకూడదు.

వచ్చింది. మళ్లీ పిలిచాడు. మళ్లీ వచ్చింది.

సర్వర్ లేనప్పుడు కూడా సర్వర్ చోటు నుంచి ఎవరో పలుకుతున్నారు. అతడికి ఆశ్చర్యం కలగలేదు. తన విషయంలో ఇలాగే జరుగుతోందని ఎప్పటినుంచో అనుమానం.

జాబితాలో రికార్డర్ పేరు లేదని అప్పుడు గమనించి నజీర్‌కు ఫోన్ చేశాడు. అటువైపు బ్యాండు మోగుతోంది.

“పొన్నూరులో పెళ్లిలో ఉన్నా సార్! గట్టిగా చెప్పండి!”

“రికార్డర్‌కు ఏ నంబరు పెట్టారు? చివరి నంబరు!”

“నూట పదహారు సార్!”

“ఎందుకు?”

“ఎందుకేంటి సార్, శుభం కదా! పిడుగురాళ్ల నుంచి మార్టూరు దాకా నేను పెట్టినవన్నీ నూట పదహార్లే. ఇప్పటిదాకా ఒక్కటీ మొరాయించలేదు.”

శశిభూషణ్ సర్వర్ వైపు చూశాడు. “నా సర్వర్‌కూ అదే పెట్టుకున్నాను.”

“మంచి పని చేశారు సార్!” అన్నాడు నజీర్.

శశిభూషణ్‌కు ముహూర్తాల మీద నమ్మకం లేదు. అయినా రెండేళ్ల కిందట, రెండు వందల పైచిలుకు అంకెలు ఖాళీగా ఉండగా, అతడి వేళ్లు వాటంతటవే నూట పదహారు కొట్టాయి. ఒకే చిరునామాలో ఇద్దరున్నారు. శరణ్య లాప్‌టాప్ ఏదైనా పేరు గురించి అడిగితే ప్రశ్న ఒకసారి సర్వర్‌కు వెళ్లింది, ఒకసారి రికార్డర్‌కు. రికార్డర్‌కు పేర్లు తెలియవు. అది తన చోటు ఎవరినీ అడక్కుండా తీసుకుంది, అందుకే జాబితాలో లేదు. నాలుగు రోజులుగా అతడు అడిగినవాళ్లనే అనుమానించాడు.

పదీ యాభైకి రికార్డర్ వైరు పీకి, సర్వర్ వైరు పెట్టాడు. నెట్ వచ్చింది. శరణ్య తలుపు వేసుకుంది.

కెమెరాలు ఇప్పుడు చూడటం లేదు కాబట్టి అతడు కర్ర తీసుకుని మేడెక్కాడు. పిట్టగోడ మీద మూడు కోతులున్నాయి. అతడు ఒక మూల కూర్చున్నాడు. ఎక్కడ కూర్చోవాలో ఈసారి వెతుక్కోలేదు.

పదకొండూ నలభైకి శరణ్య పైకొచ్చింది.

“సోమవారం చెబుతామన్నారు. మీరేంటి ఇక్కడ? కెమెరాలు ఉన్నాయిగా?”

“ఆపేశాను. నేను చూస్తున్నాను.”

ఆమె అతడి చేతిలో కర్ర చూసింది. “ఇంతకీ తప్పు నా లాప్‌టాప్‌దేనా?”

అవునంటే సరిపోతుంది. నజీర్‌కు ఒక మాట చెబితే రికార్డర్ అంకె మారుస్తాడు, ఎవరికీ తెలియదు. శశిభూషణ్ దగ్గాడు. కాయల ఘాటు వల్లే.

“కాదు. నా సర్వర్‌కు నూట పదహారు. రికార్డర్‌కూ నూట పదహారు.”

“నూట పదహారా! ఇద్దరూ కలిసి ఎవరి పెళ్లికి చదివించారు?” ఆమె నవ్వలేదు. “కెమెరాల దగ్గర్నుంచే అన్నాను.”

“విన్నాను.”

“వినలేదు.”

“వినలేదు,” అని ఒప్పుకున్నాడు. “డబ్బా ఉంచనా?”

ఆమె ఒక తాలు కాయ ఏరి పక్కన పడేసింది.

“ఉంచుకోండి. కానీ నజీర్‌ను మార్చమనకండి, మీరే మారండి. నా స్లైడ్లు కూడా మీరే కూర్చుని చేయండి.”

మధ్యాహ్నం సర్వర్‌కు నూట ఎనభై ఏడు ఇచ్చాడు. ఏ శుభకార్యానికీ ఎవరూ రాయని అంకె. తర్వాత ఇంట్లో ఒక్కొక్కదాన్నే ఆపి మళ్లీ ఆన్ చేశాడు. పంతొమ్మిదీ వచ్చి చిరునామా అడిగాయి, సర్వర్ ఇచ్చింది. రికార్డర్ వైరు పెట్టాడు. అది అడగలేదు.

జాబితా కింద ఇరవయ్యో వరుస తెరిచి, దాని పేరు, దాని అంకె తనే టైపు చేశాడు. తర్వాత స్లైడ్లు ఎక్కడ మొదలుపెట్టాలో శరణ్యను అడగడానికి లేచాడు.