గంగక్క కోడిపాపం

అప్పటికి గంగక్క గుడి సగం ఊడ్చింది. హిందూపురంలో ఆ చిన్న ఏసు గుడిని ఊడ్చి ఊడ్చి ఆమె నడుము వంగిపోయింది గానీ నోరు మాత్రం వంగలేదు. ఆ పొద్దు ఆ నోరూ పడిపోయింది. పాపసంకీర్తనం చెప్పుకునే చోట, జనం మోకాళ్లూనే పలక మీద, జయరాజు స్వామి మోకరించి ఉన్నాడు. ఊరందరి పాపాలూ విని మన్నించే పెద్దమనిషి! ఆయన కుర్చీలోనేమో, పొద్దున ధర్మవరం నుంచి రైల్లో వచ్చిన చిన్నస్వామి. నిన్నగాక మొన్న గురువైన పిల్లగాడు.

గంగక్క చీపురు కింద పడేసింది. తాను తోడికోడలు ఉలిగమ్మ కోడిని కొట్టి కూరొండుకుని, ముంగిస ఎత్తుకుపోయిందని సిలువ మీద ఒట్టేసిన సంగతి పోయిన శుక్రవారమే ఆ పలక మీద చెప్పుకుంది. స్వామి మన్నించేశాడు. అంత సులువుగా మన్నించినందుకే పైవాళ్లు ఆయన్ను పట్టుకున్నారేమో! ఈ ఊరి నుంచి తీసేస్తే? పిలవగానే ఏ గుడిసెలోకైనా వంగి దూరే మనిషి మళ్లీ యాడ దొరుకుతాడు?

స్వామి లేచేదాకా ఆగి, చిన్నస్వామి కాళ్లకు అడ్డం పడింది.

“ఆయన్ను యాడికీ పంపొద్దు సామీ. కోడిని కొట్టింది నేను.”

“ఏ కోడమ్మా?” చిన్నస్వామి బిత్తరపోయాడు.

జయరాజు స్వామి నవ్వు ఆపుకోలేకపోయాడు. “నీ కోడి పాపం ఎప్పుడో తీరిపోయింది గంగక్కా. నా పాపాలు నాకుండాయి.”

“మీకేం పాపాలు సామీ?”

“నేను మాత్రం మనిషిని కానా?”

ఆ మాట ఆమెకు మింగుడుపడలేదు. పాపాలు తీర్చేవాడే మోకాళ్ల మీద పడితే ఇంక పెద్దెవరు, చిన్నెవరు? చిన్నస్వామి రైలెక్కి పోయినా ఆమె తల తిరుగుతూనే ఉంది.

మధ్యాహ్నం వరండాలో విత్తనానికి చెనిక్కాయలు ఒలుస్తుంటే, స్వామి వచ్చి ఆమె ఎదురుగా నేలమీదే కూర్చున్నాడు.

“వేళ్లు బొబ్బలెక్కినాయి కదక్కా, ఇట్లియ్యి,” అని సగం కాయలు తన ముందుకు లాక్కున్నాడు.

“లేయండి సామీ! ఎవురన్నా చూస్తే నన్ను బతకనిస్తారా?”

“చూస్తే వాళ్లనూ కూచోని ఒలవమను.”

అయ్యో, ఇది నా కోడిపాపానికి శిక్షే, నా బదులు ఈయన అనుభవిస్తున్నాడు అని గంగక్క కుమిలిపోయింది. ఇంక ఉండబట్టలేక లేచి, నేరుగా ఉలిగమ్మ ఇంటికి పోయి ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఉలిగమ్మ వీధంతా వినేటట్టు ఏడుతరాలనూ తిట్టింది. గంగక్క తలొంచుకుని అన్నీ పడింది.

తిరిగొచ్చేసరికి స్వామి గోడకానుకుని కళ్లు మూసుకుని ఉన్నాడు.

“చెప్పేసినా సామీ. నా తిట్లు నేనే తినొచ్చినా. ఇంక మీరు లేయండి.”

ఆయన లేవలేదు. చెయ్యి పట్టుకుంటే చల్లగా తగిలింది, ఊపిరి లేదు. శిక్ష తీర్చుకొచ్చాక కూడా ఎందుకు లేవలేదో గంగక్కకు అర్థం కాలేదు. అడుగుదామంటే ఆ పలక అవతల కూర్చునేవాళ్లు ఇంకెవరూ లేరు.

ఆయన ఒళ్లో ఒక చెనిక్కాయ నోరు తెరుచుకుని ఉంది, లోపలి గింజలు రెండూ అట్లే ఉన్నాయి.