కుడి చెవి ట్రాన్స్‌ఫార్మర్

పొద్దున లేవగానే మూగక్క ముందు గడియారంలో సెల్లు పీకేస్తుంది. తర్వాత ఫోను తీసుకెళ్ళి బీరువాలో దుప్పట్ల కింద దాచేస్తుంది. కిటికీలు బిగించి, ఫ్యాను ఆపి, అప్పుడు తీగ చుట్టే యంత్రం ముందు కూర్చుంటుంది. ఆవిడ మూగది కాదు సుమండీ, నిక్షేపంలాంటి గొంతు. మూగవి ఆవిడ చుట్టే ట్రాన్స్‌ఫార్మర్లు. వీధిలోవాళ్ళు ఆ మాట తెచ్చి మనిషికి తగిలించారు. పేర్లు పెట్టడం మనవాళ్ళకి ఎవరైనా నేర్పాలా!

రాగి తీగ చుట్టేటప్పుడు గదిలో ఎవరేం మాట్లాడితే అది ఆ చుట్టలోనే ఉండిపోతుందన్నది అందరికీ తెలిసిన సంగతే. వీధి చివరి దుకాణంలో చుట్టిన స్టెబిలైజర్‌కి చెవి ఆనించి చూడండి, "టీ చల్లారిపోతోందిరా" అని వినపడుతుంది. ఫ్రిజ్ పక్కన పడుండే సామాను, ఆమాత్రం వాగితే ఏం కొంపలు మునగవు. పాటలు వినేవాళ్ళకి మాత్రం అలా కుదరదు, పాట మధ్యలో ఆ మాటలు దూరతాయి. అందుకే ఆ పిచ్చి ఉన్నవాళ్ళంతా ఎక్కడెక్కడినుంచో మూగక్కని వెతుక్కుంటూ వస్తారు. బయట పల్లకీల మోత, ఇంట్లో ఈగల మోత అంటారే, ఆవిడ ఇంట్లో ఈగ మోగడానిక్కూడా వీల్లేదు.

మొదట్లో చెల్లెలు వస్తూ పోతూ ఉండేది. దానికి నోరు ఆగదు. "పోనీ గుసగుసగా మాట్లాడనా అక్కా?" అని అడిగింది ఓసారి. "గుసగుస ఇంకా బాగా పడుతుందే తల్లీ, నువ్వు వెళ్ళు" అని మూగక్క తలుపేసుకుంది. చెల్లెలు మెల్లిగా రావడం తగ్గించింది, తర్వాత మానేసింది. ఇప్పుడు సాయంత్రం దుప్పట్ల కిందనుంచి ఫోను తీస్తే ఒక్క మిస్డ్ కాల్ కూడా ఉండదు. పేరు నిలబడింది, మనుషులు పోయారు. ఆవిడకి ఏడుపొచ్చేది. ఏడ్చేది కూడా, పనయ్యాక, వంటింట్లో కూర్చుని.

కళ్ళజోళ్ళాయన దుకాణం రెండు వీధుల అవతల. రోజంతా జనాన్ని కుర్చీలో కూర్చోబెట్టి, అద్దాలు మార్చి మార్చి "ఇది బాగుందా, అది బాగుందా?" అని అడగడమే ఆయన పని. ఇంటికెళ్తే పలకరించే దిక్కు లేదు. పాటలే తోడు. ఆ పాటల మోత భరించలేక కింది వాటావాళ్ళు పోట్లాటకి రావడంతో ఎలక్ట్రోస్టాటిక్ హెడ్‌ఫోన్లు కొనుక్కున్నాడు. వాటిలో ఉల్లిపొరకన్నా పల్చటి పొర ఒకటుంటుంది. అది సరిగ్గా ఊగాలంటే వందల వోల్టులు కావాలి. స్పీకర్లకి పెట్టే ఆంప్లిఫయర్ ఇచ్చే పదీ పరకా వోల్టులు ఏ మూలకి! మధ్యలో పెంచే ట్రాన్స్‌ఫార్మర్ ఉండాలి, చెవికొకటి.

"యాభై రెట్లు పెంచేవి చుట్టి పెట్టండి" అన్నాడు మూగక్కతో.

"చుడతాను. పై స్వరాలు వచ్చేసరికి మీ ఆంప్లిఫయర్ నడుం విరుగుతుంది. ఎన్ని రెట్లు పెంచితే అంత బరువు దాని నెత్తిన పడుతుంది."

"పోనీ ఇరవై?"

"అప్పుడు గొంతు చాలదు. ముప్పై పెడదాం. లోపల ఇనుము మాత్రం పెద్దది వేస్తాను. చిన్నదైతే డ్రమ్ము దెబ్బ పడగానే ఉక్కిరిబిక్కిరైపోతుంది."

"మీదీ నాలాంటి పనే అన్నమాట. ఇదా, అదా అని."

"నేను అడగనండీ, చెప్తాను" అంది మూగక్క.

ఎడమ చెవిది ఎప్పట్లాగే ఊపిరి బిగపట్టి చుట్టేసింది. కుడిది మొదలుపెట్టే రోజున ఆయన వచ్చి, మూల కూర్చుని చూస్తాను, నోరు విప్పనని బతిమాలాడు. ఎవరినీ రానివ్వని మనిషి, ఎందుకు సరే అందో ఆవిడకే తెలీదు. ఆ గదిలో ఇంకో మనిషి ఉండి ఎంత కాలమైందో.

ఆయన బుద్ధిగానే కూర్చున్నాడు పాపం. కానీ వెంట్రుకలాంటి తీగ మీదికి ఆవిడ మెడ చాచడం, కళ్ళజోడు ముక్కు మీదికి జార్చడం, కళ్ళు చికిలించడం చూస్తుంటే అలవాటుపడ్డ నోరు ఊరుకుంటుందా?

"మీ కళ్ళజోడు నంబరు మారిందండీ" అనేశాడు.

యంత్రం ఆపడానికి లేదు, ఆపితే తీగ బిగువు పోతుంది. మూగక్క కొరకొరా చూసి "ష్!" అంది.

"అయ్యో, సారీ."

"ఆ సారీ కూడా పడిందండీ!"

"అయ్యయ్యో!"

"అదీ పడింది!"

మూగక్కకి నవ్వు తన్నుకొచ్చింది. ఆపుకోబోయింది, ఆగలేదు, కళ్ళమ్మట నీళ్ళొచ్చేదాకా నవ్వింది. చెడ్డది ఎలాగూ చెడిందని ఇద్దరూ మాటల్లో పడ్డారు. గోడమీది అక్షరాలన్నీ బట్టీపట్టి వచ్చి, చూపు భేషుగ్గా ఉందని దబాయించే తాతగారి సంగతి ఆయన చెప్పాడు. చెల్లెలి మీద తలుపేసిన సంగతి ఆవిడ చెప్పింది.

చుట్టడం అయిపోయాక ఆవిడ మొహం పాలిపోయింది.

"ఇది నలుగురి చెవుల్లో పడితే నా పేరు మట్టిలో కలిసిపోతుంది. విప్పి మళ్ళీ చుడతాను. మీరు మాత్రం ఇంక రాకండి."

"ఒక్కసారి విననివ్వండి. విన్నాక విప్పుదురుగాని" అని ఆయన రెండూ పట్టుకెళ్ళాడు.

మర్నాడు ఆంప్లిఫయర్‌తో సహా అన్నీ సంచిలో మోసుకొచ్చి, ఆవిడ బల్ల మీదే కలిపి, హెడ్‌ఫోన్లు ఆవిడ చేతికిచ్చాడు. మూగక్క పెట్టుకుంది. ఎడమ చెవిలో వయొలిన్, కడిగినట్టు శుభ్రంగా. కుడి చెవిలోనూ అదే వయొలిన్, దాని వెనకాల ఎవరో ఆడమనిషి పగలబడి నవ్వుతోంది. ఎవరబ్బా అనుకుంది. తనేనని తెలిసేసరికి హెడ్‌ఫోన్లని రెండు చేతులా చెవులకి అదుముకుంది.

"జత కుదర్లేదండీ" అన్నాడు ఆయన.

"తెలుసు. ఇవ్వండి, విప్పేస్తాను" అని కుడిదాని మీద చెయ్యి వేసింది.

"అది కాదండీ." ఎడమదాన్ని ఆవిడ వైపు జరిపాడు. "దీన్ని విప్పండి. దీన్లో ఎవరూ లేరు."

"ఇలాంటివి చుడితే నా దగ్గరికి ఇంకెవరొస్తారండీ?" అంది మూగక్క.

"తెలీదండీ" అన్నాడు ఆయన.

ఆవిడ కుడి చెవిది ఇంకోసారి విన్నది. తర్వాత ఎడమదాన్ని దగ్గరికి లాక్కుని, ఒక్కో చుట్టే విప్పి, కొత్త తీగ కొస అందుకుని యంత్రం తిప్పింది.

"ఇంతకీ," అంది తల ఎత్తకుండానే, "పొద్దున ఏమైనా తిన్నారా?"

ఆయన గొంతు సవరించుకుని, ఏం తిన్నాడో చెప్పడం మొదలుపెట్టాడు.