మొదటి బేస్ వైపు బల్ల

లియోనాకి లోకంలోని ప్రతి సంగతి మీదా ఒక అభిప్రాయం ఉంది. పక్క ఊరు బెర్న్‌డార్ఫ్ మీద మాత్రం ముప్ఫైరెండు ఉన్నాయి, ఏడాదికి ఒకటి చొప్పున. అవన్నీ వారపత్రికలో ‘మూడో బేస్ పక్కనుంచి’ అనే శీర్షిక కింద అచ్చయినవే. వాళ్ల బేస్‌బాల్ మైదానంలో బంతి విసిరే పిచ్చర్ నిలబడే దిబ్బ ఉండాల్సిన దానికన్నా ఎత్తని రాసింది. వాళ్ల సాసేజ్‌లో మాంసం కన్నా రొట్టెపొడి ఎక్కువని రాసింది. రెండూళ్ల బళ్లనీ కలిపేయాలని నవంబరులో ఓటింగు పెడుతున్నారు కదా, కలిపితే మన పిల్లలు ఆ సాసేజ్ తినాల్సొస్తుందని కూడా రాసింది. తన ఊరు లుడ్విన్ బడిలో ఇరవయ్యారేళ్లు వంట చేసిన మనిషి, ఆ మాత్రం హక్కు తనకుందని ఆవిడ నమ్మకం. ఆవిడ పట్టిన కుందేలుకి మూడే కాళ్లు.

అన్నిటికన్నా పాత కోపం మొక్కజొన్న సంగతి. ముప్ఫైరెండేళ్ల కిందట లుడ్విన్ మైదానంలో, గెలిస్తే రాష్ట్ర పోటీలకి వెళ్లే ఆటలో, లుడ్విన్‌వాడు కొట్టిన చివరి బంతి గాల్లోకి లేచి మైదానం వెనకున్న మొక్కజొన్న చేలోకి వెళ్లింది. దాని వెనకే బెర్న్‌డార్ఫ్ ఆటగాడు నార్బర్ట్ కూడా చేలోకి దూరాడు. కాసేపటికి చేతిలో బంతితో బయటికొచ్చాడు. పట్టేశానన్నాడు, అంపైర్ అవుటిచ్చాడు, లుడ్విన్ ఓడింది. ఆ చేలో పోయిన బంతులు లెక్కలేనన్ని ఉంటాయి. అతని చేతిలోది ఏ బంతి? ఈ ప్రశ్న లియోనా ఏటా ఆగస్టులో అడుగుతుంది, జవాబు రాదు. బెర్న్‌డార్ఫ్‌కి చప్పట్లు కొట్టిన రోజున స్కోరు రాసే పెన్సిల్ విరిచి పారేస్తానని కూడా ఒకసారి అచ్చులో ఒట్టు పెట్టుకుంది.

అలాంటి మనిషి నెత్తిన ఈ ఆగస్టులో పిడుగు పడింది. ప్రాంతీయ పోటీలో లుడ్విన్ మళ్లీ బెర్న్‌డార్ఫ్ చేతిలో ఓడింది, మూడు పరుగులకి రెండు. ఓడితే ఓడింది, అది అలవాటే. కానీ ఇక్కడొక ఆనవాయితీ ఉంది. రాష్ట్ర పోటీలకి వెళ్లే జట్టు, తాను ఓడించిన జట్లలోంచి ముగ్గురు పిచ్చర్లని ఎంచి వెంట తీసుకెళ్లవచ్చు. సోమవారం సాయంత్రం బెర్న్‌డార్ఫ్ మేనేజర్ ఫోన్ చేసి డ్వేన్‌ని అడిగాడు. డ్వేన్ లియోనా కొడుకు. ముప్ఫైఎనిమిదేళ్లవాడు, ఎడమచేతి వాటం, అరవై పాడి ఆవులు. పంతొమ్మిదేళ్లుగా లుడ్విన్‌కి బంతి విసురుతున్నాడు. ఒక్కసారి కూడా రాష్ట్ర పోటీ మొహం చూడలేదు.

“ఒప్పేసుకున్నావా? ఒక రాత్రి ఆలోచించుకుంటానని అననైనా అనలేదా?” అంది లియోనా.

“ఆలోచించడానికేముందమ్మా. వచ్చే ఏడు ఈ చెయ్యి లేస్తుందో లేదో.”

“చేతికేమైంది?”

“ఏం కాలేదు. వయసు.”

“వాళ్ల చొక్కా తొడుక్కుంటావా?”

“తొడుక్కోకుండా ఆడితే బాగోదుగా. ఆడేది నేను, ఉక్రోషం నీకు. కందకి లేని దురద కత్తిపీటకెందుకే?”

“నేను రాను. ముందే చెప్తున్నా.”

“సరేలే,” అన్నాడు డ్వేన్, పాలు తీసే వేళవుతోందని లేస్తూ. ఆ సరేలేలో కొంచెమైనా బాధ వినిపిస్తుందేమోనని ఆవిడ చెవులు రిక్కించింది. వినిపించలేదు. అదే ఆవిడకి అర్థం కాలేదు.

ఆ వారమంతా ఆవిడకి కాలు నిలవలేదు. వెళ్లనన్న మాట వెళ్లనన్నట్టే ఉంది, కానీ ప్రశ్నలు మాత్రం ఒకదాని వెనక ఒకటి వచ్చి కూర్చున్నాయి. వాడి వంకర బంతిని వాళ్ల క్యాచర్ పట్టగలడా? వాడు అలిసిపోయాడని వాళ్ల మేనేజర్‌కి ఎవరు చెప్తారు? లుడ్విన్‌లో ఆ పని లియోనాది. మూడో బేస్ పక్కన, సొంత జట్టు బెంచీ వెనక, ఆవిడ స్కోరు పుస్తకం ఒళ్లో పెట్టుకుని కూర్చుంటుంది. ఎప్పుడు ఆవిడ పెన్సిల్ తీసి చెవి మీద పెట్టుకుంటుందో అప్పుడు మేనేజర్ నడుచుకుంటూ దిబ్బ దగ్గరికెళ్లి డ్వేన్ చేతిలో బంతి తీసేసుకుంటాడు. ఎందుకని ఎవరూ అడగరు.

శనివారం మధ్యాహ్నం ఆవిడ నల్లకళ్లద్దాలు పెట్టుకుని కారెక్కింది. గట్టి బల్లల మీద వేసుకునే తన ఆకుపచ్చ దిండు కోసం ఇల్లంతా వెతికింది, దొరకలేదు. రాష్ట్ర పోటీ ఆట రెండూళ్లదీ కాని మూడో ఊళ్లో. అలవాటు చొప్పున మూడో బేస్ వైపే వెళ్లి, ఎక్కడో ఉత్తరాది నుంచి వచ్చిన అవతలి జట్టు జనం మధ్య, ఎవరికీ ఏమీ కానట్టు కూర్చుంది.

డ్వేన్ బాగా విసురుతున్నాడు. రెండు ఇన్నింగ్స్ సున్నా. స్కోరు రాసుకుంటూ ఒకసారి తలెత్తి ఎదురుగా మొదటి బేస్ వైపు చూసిందావిడ. బెర్న్‌డార్ఫ్ జనమంతా అక్కడున్నారు. ముందు వరసలో నార్బర్ట్. జుట్టు తెల్లబడింది కానీ ఆ భుజాలు మొక్కజొన్నలోంచి వచ్చిన భుజాలే. అతని ఒళ్లోనూ స్కోరు పుస్తకం ఉంది. పక్కన ఖాళీ చోటు, ఆ చోట్లో ఆకుపచ్చ దిండు. ఆవిడదే. మూల పిగిలితే పసుపు దారంతో తనే కుట్టుకున్న దిండు.

మూడో ఇన్నింగ్స్ మొదలయ్యేదాకా ఓపిక పట్టింది. ఇక పట్టలేక లేచి, మైదానం చుట్టూ నడిచి, నార్బర్ట్ ముందు నిలబడింది.

“నా దిండు నీకెక్కడిది?”

“కూర్చో లియోనా. మేమేం కరవం.”

“దిండు సంగతి అడుగుతున్నా.”

“మీవాడు పొద్దున్నే తెచ్చిచ్చాడు. మా అమ్మ ముందు రానంటుంది, తర్వాత వచ్చి దూరంగా కూర్చుంటుంది, మూడో ఇన్నింగ్స్‌కల్లా ఇక్కడుంటుంది, ఈ చోటు పట్టి ఉంచమన్నాడు.” నార్బర్ట్ చేతి గడియారం చూసుకున్నాడు. “టైముకే వచ్చావ్.”

లియోనా కూర్చుంది. నిలబడితే ఇంకా ఎక్కువమంది చూస్తారు. వెనకనించి ఎవరో కాగితంలో చుట్టిన సాసేజ్ అందించారు. “రొట్టెపొడి ఎక్కువుంటుంది, చూసుకుని తినండి,” అన్నారు. బల్ల బల్లంతా నవ్వింది. ఆవిడ రాసినవన్నీ వాళ్లు కత్తిరించి ఆటగాళ్ల గదిలో అంటిస్తారట. గట్టి ఆటకి ముందు ఒకడు లేచి పైకి చదువుతాడట. సాసేజ్ బాగుంది. పొరుగింటి పుల్లకూర కాబోలనుకుని ఇంకో ముక్క కొరికింది.

“ఇంత దూరం వచ్చాను కాబట్టి అడుగుతున్నా,” అంది చివరికి. “ఆ రోజు మొక్కజొన్నలో పట్టింది ఆ బంతేనా?”

“నువ్వు నన్ను ఎదురుగా అడగడం ఇదే మొదటిసారి, తెలుసా? పేపర్లో తప్ప ఎప్పుడూ అడగలేదు.”

“ఇప్పుడడుగుతున్నాగా.”

“చెయ్యి చాపాను. చేతిలో ఏదో పడింది. కింద కూడా ఒకటి దొర్లింది. రెంటిలో ఏది పైనుంచి పడిందో, ఏది ముందే అక్కడుందో నాకు తెలీదు. మీ వైపునుంచి చూస్తే దొంగతనం, మా వైపునుంచి చూస్తే క్యాచ్. లోపలున్న నాకు మాత్రం ఆకులు తప్ప ఏమీ కనబడలేదు.”

ఆవిడ అతని మొహంలోకి చూసింది. అబద్ధం చెప్పదలుచుకున్నవాడు ఇంతకన్నా మంచి అబద్ధమే చెప్తాడనిపించింది. ముప్ఫైరెండేళ్ల కోపానికి ఇంత చప్పటి జవాబా అని కొంచెం నిరుత్సాహం కూడా కలిగింది.

అప్పటికి ఐదో ఇన్నింగ్స్. అవతలి బ్యాటర్ ఒకడు మొదటి బేస్ చేరాడు. డ్వేన్ వాడి మీద ఓ కన్నేసి, మొదటి బేస్ వైపు తిరిగి, బంతి గుండె దగ్గర పట్టుకుని నిలబడ్డాడు. ఎడమచేతి పిచ్చర్లందరూ అలాగే నిలబడతారు. ఇటు కూర్చున్నవాళ్లకి మొహం, అటు మూడో బేస్ వైపు కూర్చున్నవాళ్లకి వీపు. ఈ సంగతి లియోనాకి తెలియంది కాదు. తెలిసినదాన్ని గురించి ఎన్నడూ ఆలోచించలేదు, అంతే. పంతొమ్మిదేళ్లు మొదటి బేస్ మీద మనిషి ఉన్నప్పుడల్లా ఆవిడ చూసింది కొడుకు వీపు.

ఇప్పుడు మొహం చూసింది. విసిరేముందు వాడు పళ్లు బిగించాడు. విసిరాక కళ్లు ఒక్క క్షణం గట్టిగా మూసుకున్నాడు. పక్కన నార్బర్ట్ తన పుస్తకంలో చిన్న చుక్క పెట్టాడు.

“అదేంటి?”

“మోచెయ్యి. చూడు, భుజం కన్నా కిందికి దిగుతోంది. దిగిందంటే తర్వాతి బంతి మెత్తగా వస్తుంది. రెండేళ్లుగా చూస్తున్నాం. మొన్న మిమ్మల్ని ఓడించింది కూడా దాన్ని బట్టే.”

“రెండేళ్లా? నాకు చెప్పొచ్చుగా.”

“నీకా?” నార్బర్ట్ నవ్వబోయి మానేశాడు. “నీకు తెలుసనుకున్నాం. తల్లివి.”

ఆ మాట ఆవిడకి ముల్లులా దిగింది. ఇన్నాళ్లూ తన పెన్సిల్ వాణ్ణి కాపాడుతోందనుకుంది. ఎన్ని బంతులు విసిరాడో లెక్కపెట్టింది, ఒక్కటి కూడా తప్పకుండా. నొప్పి ఎంతో లెక్కపెట్టడానికి మాత్రం కూర్చున్న చోటు తప్పు.

ఎనిమిదో ఇన్నింగ్స్‌కి బెర్న్‌డార్ఫ్ రెండు, అవతలివాళ్లు ఒకటి. మొదటి బేస్ మీద మనిషి. నార్బర్ట్ పుస్తకంలో చుక్కలు వరసగా పడుతున్నాయి. డ్వేన్ ప్రతి బంతికీ కళ్లు మూసుకుంటున్నాడు.

“వాణ్ణి దింపించు లియోనా. మా మేనేజర్ గెలుపు పిచ్చిలో ఉన్నాడు, నేను చెప్తే వినడు.”

“దింపితే మీరు ఓడిపోతారు. మీకు మిగిలింది ఆ పంతొమ్మిదేళ్ల కుర్రాడొక్కడే.”

“ఓడిపోతాం. అయితే? మావాడు కాదుగా, చెయ్యి పోతే పోనీలే అనుకునే ఊరనుకున్నావా మాది?”

“అనుకున్నాను,” అంది లియోనా. “రాశాను కూడా.”

పెన్సిల్ తీసి చెవి మీద పెట్టుకుంది. డ్వేన్ బంతి పట్టుకుని ఇటే తిరిగి ఉన్నాడు, చూశాడు. తల అడ్డంగా ఊపి ఇంకో బంతి విసిరాడు. ఈసారి మొహం చూడడం ఆవిడ వల్ల కాలేదు, అయినా చూసింది. మళ్లీ ఇటు తిరిగేసరికి ఆవిడ లేచి నిలబడి ఉంది. బెర్న్‌డార్ఫ్ జనం మధ్య, వాళ్ల బల్ల దగ్గర, పెన్సిల్ చెవి మీద పెట్టుకుని. డ్వేన్ ఆవిణ్ణి కాసేపు చూశాడు. తర్వాత మేనేజర్‌కేసి తిరిగి చెయ్యి ఊపాడు. ఎడమది కాదు, కుడిది.

వాడు దిబ్బ దిగి నడిచొస్తుంటే బెర్న్‌డార్ఫ్ జనమంతా లేచి చప్పట్లు కొట్టారు. లియోనా కూడా కొట్టింది. కొడుక్కి కొట్టిందో వాళ్లకి కొట్టిందో ఆవిడకే తెలీదు.

“పెన్సిల్ విరగ్గొట్టవా?” అన్నాడు నార్బర్ట్.

“రెండోది తేలేదు. స్కోరెవరు రాస్తారు?”

కుర్రాడు రెండు పరుగులిచ్చాడు. బెర్న్‌డార్ఫ్ ఓడింది, మూడుకి రెండు. నార్బర్ట్ అంకె వేసుకుని పుస్తకం మూశాడు. ఈ అంకె కోసం ఇన్నేళ్లు దేవుణ్ణి వేడుకున్న లియోనాకి అది రాయడానికి చెయ్యి రాలేదు.

కారులో డ్వేన్ భుజం మీద మంచు సంచీ పెట్టుకుని కూర్చున్నాడు. ఆవిడ నడుపుతోంది.

“మన గ్రౌండ్‌లో నువ్వు మూడో బేస్ వైపు కూర్చుంటావుగా,” అన్నాడు సగం దారిలో. “నొప్పెట్టినప్పుడల్లా మొదటి బేస్‌వాణ్ణి చూసే వంకతో అటు తిరిగేవాణ్ణి, మొహం నీకు కనబడకుండా.”

“మరి దిండు ఎందుకిచ్చావురా నార్బర్ట్‌కి?”

డ్వేన్ కిటికీ బయటికి చూశాడు. “చెప్పాలనే ఉందమ్మా. నోరు రాలేదు.”

“రేపట్నుంచి పొద్దున పాలు నేను తీస్తా,” అంది లియోనా. కళ్లు తుడుచుకోవాలంటే నల్లకళ్లద్దాలు తియ్యాలి. తియ్యలేదు.

గురువారం పత్రిక వచ్చింది. బెర్న్‌డార్ఫ్ ఆటగాళ్ల గదిలో ఒకడు అలవాటు ప్రకారం లేచి పైకి చదివాడు. దిబ్బ ఎత్తుగానే ఉందట. మొక్కజొన్న సంగతి తేలలేదట, తేల్చగలిగినవాడికే తెలియదట. సాసేజ్‌లో రొట్టెపొడి తాను రాసినంత లేదట. రెండు బళ్లూ కలపడం గురించి ఓటు వేసేముందు వాళ్ల వంటగది ఒకసారి చూసిరావాలనుందట, ఎవరైనా తీసుకెళ్లి చూపిస్తే. ఆఖర్న రెండు వాక్యాలున్నాయి. చదువుతున్నవాడు అక్కడ ఆగి, నార్బర్ట్ కేసి చూసి, మళ్లీ చదివాడు.

“ఈ వారం ఇది మొదటి బేస్ పక్కనుంచి రాశాను. అక్కణ్ణుంచి నా కొడుకు మొహం కనబడుతుంది.”